రీలు డబ్బా మీద కొలువైన అంకెలవారికి ఒక విన్నపం

మహారాజశ్రీ బాల్ బేరింగుల సంఖ్య గారికి, గేర్ రేషియో గారికి, మ్యాక్స్ డ్రాగ్ గారికి, రాడ్డు శాఖ నుంచి కార్బన్ టన్నుల వారికి,

చెన్నై రాయపురం నుంచి ఒక గాలం మనిషి నమస్కరించి వ్రాయు విన్నపములు. ఇక్కడ మేమందరం క్షేమం. మీ క్షేమం అడగనక్కర్లేదు, డబ్బా మీద బంగారు రంగులో మెరిసిపోతున్నారు కదా.

సంగతేమిటంటే, నా పాత గాలం రాడ్డూ, దారం చుట్టే రీలూ రెండూ ఒక్క సీజన్లోనే పోయాయి. వాటి బదులు కొత్తవి కొందామని పారిస్ కార్నర్ వైపు ఒక కొట్టుకు వెళ్లాను. ఉండేది ఉప్పుగాలిలో అని చెప్పాను. గాలం వేసేది ఇక్కడి రాళ్ల గట్ల మీద, ఎన్నూరు క్రీకు దగ్గర, సెలవు దొరికితే ముట్టుకాడు బ్యాక్‌వాటర్లో అన్నాను. పడితే పార చేప, అదృష్టం బాగుంటే పండుగొప్ప అని కూడా చెప్పాను. ఇంత చెప్పుకుని "నాకేది సరిపోతుందండీ?" అని అడిగితే, ఆయన నోరు విప్పకుండా డబ్బా తిప్పి మీ దర్శనం చేయించాడు.

"ఇది 5+1 సార్."

"ఆ పక్కది?"

"9+1 సార్."

"తేడా ఏమిటి?"

"నాలుగు సార్."

బేరింగుల లెక్కలో తప్పేమీ లేదు. మన శుభలేఖల మీద వరుడి పేరు పక్కన డిగ్రీలన్నీ వరసగా అచ్చేయిస్తారు. అబ్బాయి లేచి మంచినీళ్లు తెచ్చుకుంటాడో లేదో మాత్రం అందులో ఉండదు. మీరూ ఆ బాపతే. రీలు గురించి అంతా చెబుతారు, అది ఎన్నాళ్లు బతుకుతుందో తప్ప.

ముందు బేరింగుల వారితో మాట్లాడాలి. అయ్యా, కూడిక గుర్తుకు ఇటువైపున్న తొమ్మిది మంది సంగతి తర్వాత చూద్దాం. అటువైపు ఒంటరిగా నిలబడ్డ ఆ ఒక్కడు ఎవరని కొట్లో అడిగితే "అది ఎక్స్‌ట్రా సార్" అన్నాడు. ఎక్స్‌ట్రా కాదు బాబూ, అసలు కాపలాదారు వాడే. హ్యాండిల్ వెనక్కి తిరగకుండా పట్టి ఉంచే రోలర్ బేరింగు అది. చేప ఒక్కసారిగా ఎదురు లాగినప్పుడు హ్యాండిల్ గిర్రున తిరిగి మన వేళ్లు పచ్చడి కాకుండా కాపాడేది వాడే. సైకిలు ఫ్రీవీలు చేసేది కూడా ఇలాంటి పనే: ఒకవైపు తిప్పితే పట్టు, రెండోవైపు వదులు. షిమానో వాళ్లు 1921లో జపాన్‌లోని సకాయ్‌లో దుకాణం తెరిచి మొదలుపెట్టింది ఆ ఫ్రీవీలుతోనే. రీళ్లకు వచ్చింది 1970లో. ఆ చరిత్ర ఉన్నవాణ్ణి కూడిక గుర్తు అవతల నిలబెట్టి, హ్యాండిల్ పిడిలో దూరి కునుకు తీసేవాళ్లను కూడా ఇవతలి లెక్కలో కలుపుకున్నారు. ఇంకోమాట. మమకారం కొద్దీ వాడికి గ్రీజు పూస్తే పట్టు జారిపోతుంది. ఈ ముక్క డబ్బా మీద ఎక్కడా లేదు.

చరిత్ర అంటే గుర్తొచ్చింది. స్వీడన్‌లో అబు అనే కంపెనీ కూడా 1921లోనే పుట్టింది, రీళ్ల కోసం కాదు, వాచీల కోసం. తర్వాత టాక్సీ మీటర్లు చేసింది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మీటర్లకు గిరాకీ పడిపోతే రీళ్ల వైపు తిరిగింది. మీ అంకెల పిచ్చికి మూలం ఇక్కడేమైనా ఉందేమోనని నా అనుమానం. చెన్నై ఆటోల్లో మీటరు తిరగడం ఎప్పుడో మానేసింది కాబట్టి, అక్కడ ఖాళీ అయిన అంకెలన్నీ మూటాముల్లె సర్దుకుని రీలు డబ్బాల మీదికి కాపురం మార్చాయి కాబోలు.

నా పాత రీలు 7+1. అది బిగుసుకుపోతే, మా పేటలో కుట్టుమిషన్లు బాగుచేసే నెల్లూరు పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. రీళ్లు కూడా విప్పుతాడాయన. మూత తీయకముందే వాసన చూసి, "ఏం నాయనా, దీన్ని ఊరగాయ పెట్టినావా?" అన్నాడు. కడుగుతూనే ఉన్నానన్నాను. ఆయన లోపలికి పోనే లేదు. దారాన్ని చుట్టలోకి మళ్లించే బెయిల్ తీగ చివర, దారం ఒరుసుకుంటూ వచ్చే చోట, కందిగింజంత రోలరు ఒకటి ఉంటుంది. దాన్ని గోటితో తిప్పి చూశాడు. కదల్లేదు. దాని చుట్టూ తెల్లటి పొలుసు పేరుకుపోయింది. తిరగని రోలరు మీద బ్రెయిడ్ దారం, అంటే పోగులు అల్లిన దారం, ఒకే చోట రాసుకుని రాసుకుని వెంట్రుకవాసి గాడి పెట్టేసింది. బ్రెయిడ్ సముద్రపు నీళ్లను పీల్చుకుని వచ్చి సరిగ్గా అక్కడే పిండుకుంటుంది. పెద్దాయన స్క్రూ విప్పి రోలరు అరచేతిలో దులిపాడు. లోపల బేరింగు లేదు, ప్లాస్టిక్ బుష్.

"నీ ఏడుగురూ లోపల నీడపట్టున కూర్చోనుండారు నాయనా. నీళ్లు తగిలే కాడ ఒక్కడూ లేడు."

అందుకని నా మొదటి విన్నపం. ఎంతమంది ఉన్నారన్నది కాదు, ఎవరెవరు ఏ గేటు దగ్గర డ్యూటీలో ఉన్నారో అచ్చు వేయించండి. రోలరు కింద ఒక మంచి బేరింగు ఉన్న 4+1, అక్కడ బుష్ పెట్టిన 9+1 కంటే మా ఉప్పునీళ్లకు నయం.

ఉప్పు పోవాలంటే మంచినీళ్లు కావాలి. వేట నుంచి రాగానే డ్రాగ్ (చేప లాగితే దారాన్ని పట్టిపట్టి వదిలే బ్రేకు) బిగించి, సన్నటి ధార కింద పైపైన కడిగి, తుడిచి ఆరబెట్టి, ఆ తర్వాత డ్రాగ్ వదులు చేసి దాచాలి. పైపు పెట్టి గట్టిగా కొడితే ఉప్పు ఇంకా లోపలికి పోతుంది. రాయడానికి ఎంత తేలికో చూడండి. మా వీధి బోరు నీళ్లు సగం సముద్రమే. 2019 జూన్‌లో పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం చెరువులు నాలుగూ అడుగంటి, ఊరంతా బిందెలతో ట్యాంకరు కోసం నిలబడ్డప్పుడు, "రీలుకు ఒక చెంబు నీళ్లు" అని మా ఇంట్లో నోరెత్తే ధైర్యం నాకు లేకపోయింది. మామూలు రోజుల్లో మాత్రం నా రీలుది మహా వైభోగం. కండలేరు నుంచి పూండికి తెలుగు గంగ కాలువలో కృష్ణా నీళ్లు మొదటిసారి 1996లో వచ్చాయి. ఎక్కడో మహాబలేశ్వరంలో పుట్టిన కృష్ణమ్మ అన్ని ఊళ్లు దాటి వచ్చి నా రీలుకు తలంటు పోస్తుందన్నమాట. ఆ నీళ్లు ఇచ్చే ఒప్పందంలోనూ మీ చుట్టాలే ఉన్నారు. మూడు రాష్ట్రాలు తలా 5 టీఎంసీలు, మొత్తం 15, దారిలో ఆవిరికీ ఇంకుడికీ పోను 12. కాగితం మీద 12 నిండుగా కనిపిస్తుంది, కాలువలో చాలా ఏళ్లు కనిపించలేదు.

ఇక గేర్ రేషియో గారు. 6.2:1 అంటే హ్యాండిల్ ఒక చుట్టు తిప్పితే దారం చుట్టే రోటరు 6.2 చుట్లు తిరుగుతుంది. సంతోషం. కానీ అది ఎంత దారాన్ని లోపలికి తెస్తుంది? స్పూలు మీద దారం చుట్ట అడ్డుకొలత 5 సెంటీమీటర్లయితే సుమారు 97 సెంటీమీటర్లు. అదే 4 సెంటీమీటర్లయితే 78. పండుగొప్ప దారం లాక్కుపోయి చుట్ట సన్నబడితే ఇంకా తక్కువ. చిన్న రీలు మీద కూర్చున్న 6.2 గారి కంటే పెద్ద రీలు మీది 5.3 గారు ఎక్కువ చుట్టినా చుట్టవచ్చు. ఒక చుట్టుకు ఎన్ని సెంటీమీటర్లో నేరుగా చెబితే పోయేది కదా! కొన్ని డబ్బాల మీద చెబుతారు కూడా, అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో. సైజు నంబర్ల గురించి అసలు ఎత్తను. 4000 అంటే గ్రాములూ కాదు, మీటర్లూ కాదు, రూపాయలూ కాదు. ఒక కంపెనీ 4000 పక్కన ఇంకో కంపెనీ 4000 పెడితే అన్నదమ్ములని కూడా అనుకోరు.

మ్యాక్స్ డ్రాగ్ గారు మీ అందరిలోకీ బలశాలి. 10 కిలోలట! నా దారం 20 పౌండ్లది, అంటే 9 కిలోలకు తెగుతుంది. డ్రాగ్ పెట్టుకోవలసింది అందులో మూడో వంతో నాలుగో వంతో, మహా అయితే మూడు కిలోలు. మిగతా ఏడు కిలోలు ఎవరి కోసం? తమరిని పూర్తిగా బిగిస్తే ముందు ముడి జారుతుంది, ముడి నిలిస్తే దారం తెగుతుంది, అదీ నిలిస్తే పాచి పట్టిన రాయి మీద నుంచి నేను జారతాను. నాకు కావలసింది వేరు. చేప లాగిన మొదటి క్షణంలో డ్రాగ్ అంటుకోకుండా, కుదుపు లేకుండా వదలాలి. దానికి అంకె లేదు కాబట్టి డబ్బా మీద చోటూ లేదు. కొట్లోనే స్పూలు దారం చేత్తో లాగి చూడాలి. అలా లాగబోతే కొట్టతను నన్ను దొంగను చూసినట్టు చూశాడు.

కార్బన్ టన్నుల వారూ, మీతో నాకు సొంత గొడవ ఉంది. మీరు చదరపు మిల్లీమీటరుకు ఇన్ని టన్నులని పోగు బిరుసుదనం చెప్పే కొలత. టన్ను పెరిగేకొద్దీ రాడ్డు తేలికవుతుంది, బిర్రుగా ఉంటుంది, దెబ్బకు మాత్రం అంతే సుకుమారం అవుతుంది. ఇదంతా ఒక్క ముక్కలో రాసి ఉంటే మా బావమరిది హాల్లో నా రాడ్డు చేతికి తీసుకుని "40 టన్నులా! ఏనుగును లేపుతుందేంటి బావా?" అనేవాడు కాదు. లేపి చూపిస్తానని ఝళిపించేవాడూ కాదు. పైన ఫ్యాను మూడో నంబరులో తిరుగుతోంది. టప్‌మని ఒక చిన్న చప్పుడు, అంతే. జానెడు కొస సోఫా వెనక దొరికింది. "40 టన్నులన్నావుగా బావా" అని మళ్లీ నన్నే అన్నాడు. పోనీ, ఇంట్లో ఫ్యానుతో పోయింది. కార్బన్ గుండా కరెంటు పారుతుందని, కరెంటు తీగల కింద, ఉరుముల వేళ దాన్ని నిలువుగా ఎత్తి పట్టుకోకూడదని కూడా టన్నుల పక్కనే రాస్తే ప్రాణాలు దక్కుతాయి.

మీ మొత్తం కులంలో నిజాయితీ గల అంకె ఒక్కటే కనిపించింది. రాడ్డు పిడి పైన, ఎవరికీ కనబడనట్టు, "15–40 గ్రా." అని ఉంటుంది. ఎంత బరువున్న ఎర విసరవచ్చో చెబుతుంది. ఉన్నమాట చెబుతుంది కాబట్టే కాబోలు ఆయనకు బంగారు రంగు దక్కలేదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకు వేట నిషేధం. ఆ రెండు నెలలు కాశిమేడు చేపల రేవులో వంజరం ధర అడిగి వెనక్కి రావడమే మా పని. "అన్ని బేరింగులున్నాయి కదండీ, ఒక్క వంజరం పట్టుకు రారాదూ?" అంటుంది మా ఆవిడ. వంజరం రాళ్ల గట్టు దాకా రాదని చెబితే, ఏది గట్టు దాకా వస్తుందో డబ్బా మీద రాసి ఉందా అని అడిగింది. లేదని ఒప్పుకున్నాను.

చివరికి కొట్లో నెల్లూరు పెద్దాయన నేర్పిన ప్రశ్న వేశాను. "ఈ రీలుకు బెయిల్ స్ప్రింగు విడిగా దొరుకుతుందా?" 9+1 చూపించిన చేయి ఆగిపోయింది. "స్పేరా? పోతే కొత్తది తీసుకోండి సార్, ఆఫర్లో ఉంటుంది" అన్నాడు. ఇంకో కొట్టులో అదే ప్రశ్న వేస్తే, అక్కడున్న పెద్దమనిషి బల్ల సొరుగు లాగి, చిన్న ప్లాస్టిక్ కవర్లో ఉన్న నాలుగు స్ప్రింగులూ రెండు రోలర్లూ బల్ల మీద పోశాడు. వాటికి సరిపోయే రీలు 4+1. రోలరు కింద బేరింగు ఉందో లేదో విప్పి చూపించమంటే విప్పాడు. ఉంది. అదే తీసుకున్నాను, ఒక స్ప్రింగుతో సహా. రాడ్డు తొమ్మిది అడుగులది, గాజుపోగు కలిసిన కార్బన్, ఎమ్‌టీసీ బస్సులో కండక్టరు తిట్టకుండా రెండు ముక్కలుగా విడదీసేది. టన్నులు ఎన్నని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

కాబట్టి తమరు నా మీద కోపగించక, వచ్చే అచ్చులో కాస్త సర్దుకుని కూర్చుని, స్ప్రింగు దొరికే కొట్టు అడ్రసుకు డబ్బా మీద ఒక లైను చోటు ఇప్పించ ప్రార్థన.

ఇట్లు,
రాయపురం గాలం మనిషి

తా.క.: పాత రీలు వారంటీ కార్డు దొరికింది. డబ్బా మీద అలలు, నురగ, గాలిలోకి ఎగిరిన పండుగొప్ప బొమ్మ. కార్డు వెనక మూడో షరతు: ఉప్పునీటి వల్ల కలిగే తుప్పుకు వారంటీ వర్తించదు. ఆ 3 కూడా మీ వాళ్లేనా?