ఆల్‌ఫ్రెడ్ ఎషర్ కథను తిరగేసి చెబుతున్నారు

జ్యూరిక్ రైల్వే స్టేషన్ ముందున్న విగ్రహం ఫొటోతో ఒక కథ బాగా తిరుగుతోంది. ఆల్‌ఫ్రెడ్ ఎషర్ అనే వ్యాపారి బ్యాంకు పెట్టి గడించాడట, ఆ డబ్బుతో రాజకీయాల్లోకి దిగి స్విట్జర్లాండ్ అధ్యక్షుడయ్యాడట, సొంత ఖర్చుతో ఆల్ప్స్ కొండల కింద గొట్‌హార్డ్ రైలు సొరంగం తవ్వించి తన చేత్తోనే ప్రారంభించాడట. విగ్రహం ఆయనదే. మిగతాది నిలబడదు.

ముందు వరస చూడండి. 1819లో పుట్టిన ఎషర్ చదివింది న్యాయశాస్త్రం. ఇంట్లో డబ్బుకు కొదవ లేదు, తండ్రి అమెరికా వ్యాపారంలో గడించి తెచ్చాడు. 1844లో పాతికేళ్లకే జ్యూరిక్ శాసనసభలో అడుగుపెట్టాడు. 1848లో జాతీయ సభకు ఎన్నికై, చనిపోయేదాకా 34 ఏళ్లు అక్కడే ఉన్నాడు. రైళ్లు ప్రభుత్వం కాదు, ప్రైవేటు కంపెనీలే నడపాలని వాదించి 1852 చట్టం తేవడంలో ముందున్నాడు. మరుసటి ఏడే నార్డోస్ట్‌బాన్ రైలు కంపెనీ పగ్గాలు పట్టాడు. రైలు మార్గాల పెట్టుబడి పరాయి బ్యాంకుల చేతుల్లో పడకూడదని 1856లో క్రెడిట్ సూయిస్ బ్యాంకు పెట్టాడు. రాజకీయం ముందు, వ్యాపారం తర్వాత. ఆయన్ను నిలదీయాల్సింది కూడా ఇక్కడే: చట్టం చేసినవాడే ఆ చట్టం కింద కంపెనీ నడిపాడు.

అధ్యక్షుడన్న మాట పదవి పేరు పోలిక వల్ల వచ్చిన పొరపాటు. ఆయన అధ్యక్షత వహించింది జాతీయ సభకు, అంటే మన స్పీకర్ లాంటి పదవి. దేశాధ్యక్ష పదవి ఏడుగురు సభ్యుల సమాఖ్య మండలిలో, అంటే అక్కడి మంత్రివర్గంలో ఉన్నవారికే దక్కుతుంది. ఆ మండలిలో ఎషర్ ఎన్నడూ లేడు.

ఇక సొంత ఖర్చు. గొట్‌హార్డ్ మార్గానికి వేసిన తొలి అంచనా 18.7 కోట్ల ఫ్రాంకులు. ఇటలీ 4.5 కోట్లు, జర్మనీ, స్విట్జర్లాండ్ చెరో 2 కోట్లు ఇస్తామన్నాయి. మిగిలిన 10.2 కోట్లు వాటాలు, బాండ్ల రూపంలో. 15 కిలోమీటర్ల సొరంగం కాంట్రాక్టు జెనీవా వాసి లూయీ ఫావ్ర్‌ది. అసలు దెబ్బ తగిలింది సొరంగానికి చేర్చే కొండదారుల లెక్కల్లో. 1876లో మళ్లీ అంచనా వేస్తే ఇంకో 10.2 కోట్లు కావాలని తేలింది. కొన్ని మార్గాలు వాయిదా వేసి, మూడు దేశాల నుంచి మరో 2.8 కోట్లు రాబట్టినా, నింద గొట్‌హార్డ్ రైలు కంపెనీని నడుపుతున్న ఎషర్ మీద పడి, 1878లో ఆ కంపెనీ నుంచి తప్పుకున్నాడు. 1880లో రెండు వైపుల తవ్వకం కలిసిన రోజు వేడుకకు ఆయనకు పిలుపే లేదు. 1882 మేలో ప్రారంభోత్సవానికి పిలిచారు గానీ జబ్బుతో వెళ్లలేకపోయాడు. అదే ఏడు డిసెంబరు 6న కన్నుమూశాడు.

‘తవ్వించాడు’ అన్న ఒక్క మాట వెనక మరుగునపడ్డవాళ్లూ ఉన్నారు. ఫావ్ర్ 1879లో ఆ సొరంగంలోనే కుప్పకూలి చనిపోయాడు. తవ్విన కూలీల్లో ఎక్కువమంది ఇటలీవాళ్లు, అధికారిక లెక్క ప్రకారమే 200 మంది దాకా అక్కడ ప్రాణాలు వదిలారు. 1875లో సొరంగం ఉత్తర ముఖద్వారం దగ్గరి గోషెనెన్‌లో కూలీలు పని ఆపి నిలబడితే, తుపాకులకు నలుగురు బలయ్యారు.