గుడ్ల ట్రేలో గుణకారం

మా చిన్నోడు మూడో తరగతి. 4×3 అంటే 4+4+4 అని రాస్తే మేడమ్ ఎర్రపెన్నుతో కొట్టేశారు. నాలుగు మూళ్లు కాబట్టి 3+3+3+3 అనే రాయాలట. ఎట్లా కూడినా పన్నెండే, అయినా మార్కు సున్నా. పైగా గ్రూపులో మెసేజ్: "ఎక్కాలు బట్టీ పట్టించకండి. గుణకారం కాన్సెప్ట్ ఇంట్లో నేర్పి వీడియో పెట్టండి." మరి బడిలో ఏం నేర్పుతారో మనం అడగకూడదు.

ఎటు నుంచి లెక్కపెట్టినా ఒకటేనని చూపిద్దామని ముందు బత్తాయిలు పేర్చాను. నల్లగొండలో బత్తాయిలకు కరువా? కానీ మా ఇంటి గచ్చు కొంచెం వాలు. వరుసలన్నీ బాత్రూం తలుపు దగ్గరికి చేరాయి. పోనీ, సాగర్‌కు 26 గేట్లు కదా, రెండు పదమూళ్లు అనుకో అన్నాను. "అవన్నీ ఒక్క వరుసలనే ఉన్నయి కద నాన్నా" అన్నాడు. తీసుకెళ్లి చూపించింది నేనే, ఏమంటాం?

అప్పుడు గుడ్ల ట్రే తెచ్చాను. ముప్పై గుడ్లు. ఆరు వరుసలు, వరుసకు ఐదు. తిప్పితే ఐదు వరుసలు, వరుసకు ఆరు. గుణకారం కోసమే చేసినట్టుంటుంది. మంచం మీద పెట్టి, ఒక చేత్తో వీడియో తీస్తూ ఇంకో చేత్తో ట్రేను ఎత్తి తిప్పాను.

ఇక్కడ కాస్త ఆగాలి. గుడ్డు యాభై గ్రాములు వేసుకున్నా ముప్పైకి కిలోన్నర. ట్రే ఏమో ఉత్త కాగితం అట్ట. కొట్టతను దాన్ని రెండు చేతులతో అందిస్తే నా మీద గౌరవం అనుకున్నాను. ఎత్తగానే అట్ట వంగింది. ఆపాలంటే రెండో చెయ్యి కావాలి. రెండో చేతిలో ఫోన్ ఉంది. ఫోన్ వదిలేద్దామంటే దాని ఈఎంఐలు ఇంకా అయిపోలేదు. ఒకవేళ మంచం మీదికే వదిలితే? పరుపు మెత్తనే కదా? మరి కవర్ లేదు కదా? ఈ చర్చ నాలో నడుస్తుండగానే చివరి వరుస, అసెంబ్లీ అయ్యాక పిల్లలు క్లాసుకు వెళ్లినంత పద్ధతిగా, ఒకదాని వెనుక ఒకటి గచ్చు మీదికి దిగిపోయింది.

చిన్నోడు కదల్లేదు. మిగిలినవి చూసి, "ఇప్పుడు ఐదు ఐదులు ఇరవై ఐదు. ఎటు తిప్పినా ఐదైదులే నాన్నా, ఇంక తిప్పకు" అన్నాడు.

మా అమ్మ వంటింట్లోంచి వచ్చి గచ్చును చూసింది, నన్ను చూసింది. "పోరన్ని ఆ దిక్కు కూసోబెడితే అయిపోవు గదరా. గుడ్లెందుకు తిప్పినవ్?"

మా ఆవిడ వీడియోను ఉన్నదున్నట్టు గ్రూపులో పెట్టేసింది. తల్లిదండ్రులంతా నవ్వే బొమ్మలు పెట్టారు. మేడమ్ బొటనవేలు పెట్టారు. మార్కు మాత్రం కలపలేదు.

ఇవాళ పొద్దున ఫీజు కట్టడానికి అదే బడికి వెళ్లాను. ఏడాదికి అరవై వేలు, నాలుగు సార్లు పదిహేను వేలు. పదిహేను సార్లు నాలుగు వేలు కడతాను, మొత్తం ఒకటే కదా అన్నాను.

"అట్ల కుదరది సార్" అంది కౌంటర్లో అమ్మాయి.