చింతచెట్టుకు వచ్చిన కార్డు

పలమనేరు దగ్గర మా చిన్నాయన చేనికి భూసార పరీక్ష కార్డు వచ్చింది. లామినేషన్ చేయించి వెంకన్న క్యాలెండర్ పక్కన తగిలించాడు. సేంద్రియ కర్బనం ఎక్కువ, భాస్వరం ఎక్కువ, పొటాష్ ఎక్కువ. ఆ లెక్కన ఆవుల కోసం వేసిన స్టైలో అనే పప్పుజాతి మేత నడుం ఎత్తు పెరగాలి. అది జానెడు లేచి, నలుగు పెట్టిన పెళ్లికూతురులా పసుప్పచ్చగా కూర్చుంది.

ఎందుకో నేను కళ్లారా చూశాను సామీ. మట్టి తీయడానికి వచ్చిన తమ్ముడు బండి దిగలేదు. చింతచెట్టు నీడలో ఒంటికాలు నేలకు ఆనించి, హెల్మెట్ అయినా తీయకుండా, చిన్నాయన చేతికి పార ఇప్పించి "పెద్దాయనా, కొంచెం నవ్వు" అని ఫొటో తీశాడు. కళ్లు మూసుకున్నాడని ఇంకోటి. ఎద్దు తోక అడ్డమొచ్చిందని మూడోది. అసలైతే చేనంతా వంకరటింకరగా తిరిగి, ఎనిమిది పది చోట్ల 15 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, ఆ మట్టంతా కలిపి అరకిలో మిగల్చాలి. చెట్ల కింద, పెంటకుప్పల పక్కన తీయనే కూడదు. ఈయన ఆ చెట్టు కిందే, ఎద్దుల్ని కట్టేసే చోటే, పిడికెడు పైమట్టి చక్కెర కవర్లో పోయించుకుని వెళ్లిపోయాడు.

తమ్ముణ్ణి అని ఏం లాభంలే. 2015లో ఈ కార్డులు మొదలైనప్పుడే వానాధారపు నేలల్లో 10 హెక్టార్లకు ఒక్క నమూనా చాలన్నారు. అంటే పాతిక ఎకరాలకు ఒకటే జాతకం. కార్డులో పరీక్షలు 12. పప్పుజాతి మేత గాలిలోని నత్రజనిని పట్టాలంటే కావాల్సిన మాలిబ్డినం ఆ పన్నెండులో లేదు. కుండీల్లో ఆ చేని మట్టే నింపి స్టైలో విత్తి, ఒకదానికి అన్ని పోషకాలూ వేసి, మిగతావాటిలో ఒక్కోటి మానేస్తే ఏది గిడసబారిందో కంటికే తెలుస్తుంది. మా పిన్ని సాంబారు రుచి చూసి ఏది తగ్గిందో చెప్పేది ఇలాగే.

ఎరువుల కొట్టులో మాత్రం ఒకటే మాట, "పచ్చబడాలా? యూరియా కొట్టు." బుద్ధుందా అసలు? పప్పుజాతికి యూరియా దండిగా పోస్తే, గాలిలోని నత్రజనిని పట్టే బుడిపెలే వేరుకు సరిగా కట్టవు! ఒక మొక్క పీకి చూశా. ఉన్న నాలుగు బుడిపెల్ని గోటితో చిదిమితే లోపల తెల్లగా పాలిపోయి ఉన్నాయి. పనిచేసే బుడిపె లోపల గులాబీ రంగు ఉంటుంది. బస్తాల డబ్బు పోయింది, పాలు తగ్గాయి, ఇంతా చేసి చిన్నాయన "నా చెయ్యి మంచిది కాదురా" అంటాడు. ఒళ్లు మండేది అక్కడే. అరవై ఏళ్లు ఆ మట్టి పిసికిన చెయ్యది. దాన్ని తప్పుపట్టేలా చేశారు, ఒక్క ప్లాస్టిక్ అట్టముక్కతో!

చింతచెట్టు మాత్రం ఈ ఏడు విరగకాసింది. కార్డు దానిదే కదా మరి.