పోచంపాడు పూడిక బయటికి పోయే దారి అడుగు తూములే

పోచంపాడు వద్ద గోదావరిపై ఉన్న శ్రీరాంసాగర్‌లో నీటిమట్టం 1091 అడుగులకు చేరిందంటే వరంగల్ దాకా రైతుకు ధీమా. మట్టం పాతదే, దాని కింద నీరు మాత్రం తగ్గింది. 1963 జూలై 26న నెహ్రూ పునాదిరాయి వేసిన ఈ ప్రాజెక్టును 112 టీఎంసీలకు రూపొందించారు. పూడిక సర్వేల తర్వాత లెక్కల్లో మిగిలింది 80.5. పోయిన 31.5 టీఎంసీలంటే, దాదాపు 24 టీఎంసీలు పట్టే దిగువ మానేరు డ్యాం కంటే ఎక్కువ. కాకతీయ కాలువ కింద చివరి తడి అందక వరి ఎండితే, అందుకు గల కారణాల్లో ఇదీ ఒకటి.

కరెంటు లెక్కా ఇదే. కాకతీయ కాలువ మొదట్లో 9 మెగావాట్ల యూనిట్లు నాలుగున్నాయి. కాలువకు వదిలే నీరే వాటిని తిప్పుతుంది. నిల్వ తొందరగా అడుగంటితే అవి తిరిగే రోజులూ తగ్గుతాయి. ప్రవాహం మారకపోయినా, నీరు పడే ఎత్తు ఐదో వంతు తగ్గితే ఉత్పత్తీ దాదాపు అంతే పడిపోతుంది.

మొత్తం తవ్వి పోయాలనే మాట వినడానికి బాగుంటుంది. ఒక్క టీఎంసీ అంటే 2.83 కోట్ల ఘనపు మీటర్లు. పది ఘనపు మీటర్లు పట్టే టిప్పర్లు 28 లక్షల ట్రిప్పులు తిరగాలి. ఎండాకాలం అంచుల్లో తేలే ఒండ్రును చెలకలకు తోలుకోనివ్వడం మంచిదే, దానితో జలాశయం మాత్రం తేలిక పడదు.

కొత్త పూడికను ఆపడమే అసలు పని. తొలి వరదల్లోనే మట్టి ఎక్కువగా వస్తుంది. నీటి వేగం తగ్గగానే ఇసుక ఎగువనే ఆగిపోతుంది, సన్నని బురద ఆనకట్ట దాకా వచ్చి అడుగున పేరుకుంటుంది. పైనున్న 42 వరద గేట్లెత్తితే వెళ్లేది ఎక్కువగా పైపై నీరే. ఎలాగూ నదిలోకి వదలాల్సిన వరదలో వీలైనంత ఆనకట్ట అడుగున ఉండే తూముల నుంచి పంపితే బురదా కొంత పోతుంది. వాటి ప్రభావం తూము ముందున్న కొంతమేరకే, నిజమే. ఏటా తెరవకపోతే ఆ కొంత కూడా మిగలదు: గాడుల్లో ఒండ్రు గట్టిపడి, కొమ్మలు అడ్డుపడి, రబ్బరు సీళ్లు చెడి గేటు బిగుసుకుపోతుంది.

నీళ్లు చాలని ఏడాదిలో తూములు ఎత్తమని మేము అడగడం లేదు. ఎగువన మహారాష్ట్రలోని జైక్వాడి జలాశయం నిండి, వరద ఖాయమైన ఏడాదిలో ఎత్తాలి. జూన్‌లోపే గేట్లను ఒకసారి ఎత్తి దించి చూడాలి. కొత్త పూడిక సర్వే జరిపి, ఏ మట్టం వద్ద ఎన్ని టీఎంసీలున్నాయో ఆయకట్టు రైతులకు యాసంగి నాట్లకు ముందే ప్రకటించాలి.