నిమ్మచెక్క రుద్దుకుని క్యాప్ వేయించుకోడానికి రాకండి

ముందు పళ్ళకి క్యాప్ వేయించుకునేవాళ్ళకి జాగ్రత్తలంటూ ఒక వాట్సాప్ మెసేజ్ తిరుగుతోంది. రోజూ ఎవరో ఒకరు ‘నిజమేనా డాక్టరుగారూ’ అని పంపుతున్నారు. జవాబు ఇదిగో.

‘సెల్ఫీ పంపితే చాలు, రంగు కుదురుతుంది.’ కుదరదు. ఫోను తనంతట తానే రంగులు దిద్దేస్తుంది.

‘పన్ను అరగదీశాకే రంగు చూడమనండి.’ తలకిందులు. నోరు తెరిచి ఉంచినకొద్దీ పళ్ళు ఆరిపోయి తెల్లగా కనిపిస్తాయి. షేడ్ చూడాల్సింది అన్నిటికన్నా ముందు, పన్ను తడిగా ఉండగానే.

‘ఆరోగ్యమైన పన్ను పాలలా తెల్లగా ఉంటుంది, అన్నిటికన్నా తెల్లదే అడగండి.’ పంటి పైపొర ఎనామిల్. దాని కింద ఉండే పొర డెంటిన్ సహజంగానే పసుపు. ఆ పసుపే పైకి కనిపిస్తుంది, చిగురు దగ్గర ఇంకొంచెం ఎక్కువగా. మేం పంటి రంగు పోల్చిచూసే నమూనాల పట్టీ, వీటా క్లాసికల్ గైడ్‌లోని 16 షేడ్లలో పాలతెలుపు ఒక్కటీ లేదు. పక్క పళ్ళు అందులో ఏ3 అనే ముదురు షేడ్ అయితే, మధ్యలో బీ1 అనే లేత షేడ్ క్యాప్ వేస్తే ఎదుటివాళ్ళకి ముందు అదే కనిపిస్తుంది. రంగు ఛాయలో చిన్న తేడా ఎవరూ పట్టుకోరు. రంగు ఎంత లేతగా, ఎంత ముదురుగా ఉందన్నదానిలో, అంటే మేం వాల్యూ అనేదానిలో తేడా వస్తే మాత్రం గది అవతలి నుంచే తెలిసిపోతుంది.

ఇక నాకు నిజంగా కోపం తెప్పించింది ఇది: ‘వెళ్ళే ముందు వారం రోజులు నిమ్మచెక్క ఉప్పులో అద్ది రుద్దండి, మంచి షేడ్ వస్తుంది.’ నిమ్మరసం పీహెచ్ (ఆమ్లం కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 2, 3 మధ్య ఉంటుంది. 5.5 కంటే దిగితేనే ఎనామిల్ కరగడం మొదలు. అలా మెత్తబడినదాన్ని ఉప్పుతో గీకమంటారా? అరిగిన ఎనామిల్ మళ్ళీ పెరగదు. పలచబడేకొద్దీ కింది పసుపే ఇంకా బయటపడుతుంది, జివ్వుమని లాగడం అదనం. తెలుపు కోసం చెప్పిన చిట్కా పన్నును పచ్చగా చేస్తుంది! ఇది రాసినవాళ్ళు ఒక్క పంటినైనా చూశారా? తెల్లబరుచుకోవాలనుంటే ముందు డాక్టర్ దగ్గర బ్లీచింగ్ చేయించుకోండి. కనీసం రెండు వారాలు ఆగి, అప్పుడు షేడ్ చూపించుకోండి. పింగాణీ క్యాప్ తర్వాత బ్లీచింగ్‌కి తెల్లబడదు.

చివరి మాట మాత్రం ఒప్పుకుంటాను: ‘సిమెంట్ పెట్టకముందే అద్దం పట్టుకుని కిటికీ దగ్గర చూసుకోండి.’ నూటికి నూరుపాళ్ళూ నిజం. ట్యూబులైటు కింద కలిసిన రంగు పగటి వెలుగులో విడిపోవచ్చు. దాన్నే మెటామెరిజం అంటారు. చాలా క్లినిక్కుల్లో తొందరలో ఈ పని వదిలేస్తారు, అది మా వైద్యుల తప్పే. మీరు అడగండి. నచ్చకపోతే క్యాప్ అతికించనివ్వకండి, ల్యాబ్‌కి తిప్పి పంపమనండి.