ప్రైమ్‌లో ఉంటే...

తరాలు వేరైన బాక్సర్లు ముహమ్మద్ అలీకీ మైక్ టైసన్‌కీ మధ్య ఇప్పటిదాకా ఎన్ని పోటీలు జరిగాయో ఎవరూ లెక్క తీయలేదు. ఒక్క మా అక్కయ్య వాళ్లింట్లోనే వందకు తక్కువ జరిగి ఉండవు. ఆదివారం భోజనాల బల్లే రింగు. అలీ తరఫున మా బావగారు, టైసన్ తరఫున నేను. అక్కయ్య కంచాలు తీయడం మొదలుపెడితే ఆఖరి గంట కొట్టినట్టు. ఇన్నేళ్లలో ఇద్దరం ఒక్కసారి కూడా ఓడిపోలేదు.

ఎదురుపడని ఇద్దరిలో ఎవరు గెలిచేవారో తేల్చే ఇంత లోతైన శాస్త్రానికి ఏ విశ్వవిద్యాలయంలోనూ ఒక శాఖ లేదు, ఒక కుర్చీ లేదు. ఆ లోటు పూడ్చే సదుద్దేశంతోనే నా పరిశోధనా ఫలితాలను ఇక్కడ ప్రజల ముందు పెడుతున్నాను.

ఈ శాస్త్రానికి పునాది ‘ప్రైమ్’ అనే మాట, అంటే బాక్సర్ సత్తా శిఖరాన ఉన్న కాలం. ప్రైమ్‌కీ వయసుకీ సంబంధం ఉందనుకోవడం అజ్ఞానం. టైసన్‌నే తీసుకోండి. 1986 నవంబరులో ట్రెవర్ బెర్బిక్‌ను రెండో రౌండులో కూల్చి, 20 ఏళ్లకే ఛాంపియన్ అయ్యాడు. 1988 జూన్‌లో మైకేల్ స్పింక్స్‌కి 91 సెకన్లు సరిపోయాయి. అది ప్రైమ్. 1990 ఫిబ్రవరి 11న టోక్యోలో బస్టర్ డగ్లస్ అనే, గెలుస్తాడని ఎవరూ పందెం కాయని మనిషి పదో రౌండులో అతన్ని పడగొట్టాడు. అప్పటికి ప్రైమ్ అయిపోయిందన్నమాట. టైసన్ వయసు 23. ఆ వయసుకి నాకు డిగ్రీ సప్లిమెంటరీలే పూర్తికాలేదు, అది వేరే సంగతి. పాత ట్రైనర్‌ని తీసేశాడు, భార్యతో విడాకులు, ఎనిమిదో రౌండులో డగ్లస్ పడ్డప్పుడు రిఫరీ నిదానంగా లెక్కపెట్టాడు... కర్ణుడి చావుకు కారణాలు అనేకం. తేలిన సూత్రం ఏమిటంటే, ఏ బాక్సర్‌కైనా ప్రైమ్ అనేది ఓటమికి సరిగ్గా ముందురోజు సాయంత్రం ముగుస్తుంది.

బావగారి వాదం ఇంకా సూక్ష్మం. సైన్యంలో చేరనన్నందుకు 1967లో అలీ టైటిల్ లాక్కున్నారు కాబట్టి ప్రైమ్ అక్కడితో సరి అంటారు. కానీ ఆయన చూపించే సాక్ష్యం మాత్రం 1974లో కిన్షాసాలో అప్పటి ఛాంపియన్ జార్జ్ ఫోర్‌మన్‌ని ఓడించిన పోటీ. “అది ప్రైమ్ కాదు కదండీ” అంటే, “అదేరా చెప్పేది, ప్రైమ్ లేకుండానే అంత చేశాడు” అంటారు. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నా కుందేలుకి రెండే.

మరి లెక్కల ప్రకారం తేల్చలేమా అని మీరు అడగొచ్చు. 1973 జనవరిలో కింగ్‌స్టన్‌లో ఫోర్‌మన్ జో ఫ్రేజియర్‌ని రెండు రౌండ్లలో ఆరుసార్లు పడగొట్టాడు. అదే ఫ్రేజియర్ 1971లో అలీని ఓడించినవాడు. 1973 మార్చిలో కెన్ నార్టన్ అలీ దవడ విరగ్గొట్టాడు. ఏడాది తర్వాత కరాకస్‌లో ఫోర్‌మన్ ఆ నార్టన్‌ని రెండో రౌండులోనే ముగించాడు. ఎక్కాలు వచ్చిన పిల్లాడెవడైనా కిన్షాసాలో ఫోర్‌మన్ గెలుస్తాడనే చెబుతాడు. అలీ తాళ్లకు ఆనుకుని, కొట్టించుకుని, ఫోర్‌మన్ చేతులు అలిసిపోయాక ఎనిమిదో రౌండులో కానిచ్చాడు. ఒకే కాలంలో, ఒకే రింగులో, కళ్లముందున్న నలుగురి మధ్యే లెక్క ఇలా తప్పింది కాబట్టి, 1910 వాడికీ 2024 వాడికీ మధ్య మనం మరింత ధీమాగా తేల్చవచ్చు.

బరువు విషయం మా మేనల్లుడు లేవనెత్తాడు. రాకీ మార్సియానో 49 పోటీల్లో 49 గెలిచాడు, అందులో 43 నాకౌట్లే, కానీ బరువు సుమారు 85 కిలోలు. ఇప్పుడైతే హెవీవెయిట్‌కన్నా కింది తరగతి అయిన క్రూజర్‌వెయిట్ పరిమితికే ఐదు కిలోలు తక్కువ. ఆరడుగుల తొమ్మిదంగుళాల టైసన్ ఫ్యూరీ ముందు నిలబడితే బొడ్డు కనిపిస్తుంది మావయ్యా, అన్నాడు. నేను వాణ్ని 1919 నాటి టొలీడోకి తీసుకెళ్లాను. అక్కడ జాక్ డెంప్సీ తనకన్నా పాతిక కిలోలు ఎక్కువున్న జెస్ విలార్డ్‌ని మొదటి రౌండులోనే ఏడుసార్లు నేలకేశాడు. పైగా ఆ ఫ్యూరీనే 2024లో రియాద్‌లో, అంతకన్నా చాలా తేలికైన ఉసిక్ ఓడించాడు. వాడు కాసేపు ఫోన్ చూసుకుని, “ఉసిక్ వేరే” అన్నాడు. వాడికీ శాస్త్రం పట్టుబడుతోంది.

నిజానికి తరాల మధ్య పోటీలు జరగకపోలేదు. ఓటమి ఎరగకుండా 1905లో రిటైరై పొలం చూసుకుంటున్న జిమ్ జెఫ్రీస్‌ని, నల్లవాడైన జాక్ జాన్సన్ దగ్గర్నుంచి టైటిల్ ‘తిరిగి తెమ్మని’ లాక్కొచ్చారు. 1910 జులై 4న రెనోలో పదిహేనో రౌండుకి ఆయన పని అయిపోయింది. 1951లో, పన్ను బకాయిల కోసం ఇంకా గ్లవ్స్ తొడుక్కుంటున్న 37 ఏళ్ల జో లూయీని మార్సియానో ఎనిమిదో రౌండులో తాళ్ల అవతలికి పంపాడు. తర్వాత ఏడ్చాడని చెబుతారు. 1980లో 38 ఏళ్ల అలీని అతని పాత స్పారింగ్ జోడీ ల్యారీ హోమ్స్ పది రౌండ్లు కొట్టాక, మూలనున్న ట్రైనరే ఇక చాలన్నాడు. ఇవేవీ భోజనాల బల్ల దగ్గర మాట్లాడుకునేవి కావు. 2024లో 58 ఏళ్ల టైసన్ ఒక యూట్యూబ్ కుర్రాడి చేతిలో ఓడిన సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. నా మీద గౌరవం.

అందుకే ఈ వ్యవహారాన్ని యంత్రానికి అప్పగించాలని మయామీలో ముర్రీ వొరోనర్ అనే రేడియో నిర్మాత 1967లోనే తలపెట్టాడు. పదహారుమంది ఛాంపియన్ల వివరాలు ఎన్‌సీఆర్ 315 కంప్యూటర్‌కి తినిపించి, అది కక్కిన ఫలితాలను రేడియోలో రౌండు రౌండుగా కామెంటరీ చెప్పించాడు. ఫైనల్లో డెంప్సీ మీద మార్సియానో గెలిచాడు. అలీ క్వార్టర్ ఫైనల్లోనే జెఫ్రీస్ చేతిలో పోయాడు. అవును, ఆ రెనో జెఫ్రీసే. అలీకి ఒళ్లు మండి పది లక్షల డాలర్లకు దావా వేశాడు. జరగని పోటీలో ఓడినందుకు కోర్టుకెక్కిన మనిషిని నేను ఇంకొకర్ని ఎరగను. మా బావగారికి ఆయన మీద భక్తి ఎందుకో ఇక్కడ నాక్కూడా అర్థమైంది.

రాజీ ఎలా కుదిరిందంటే, పది వేల డాలర్లూ లాభాల్లో వాటా తీసుకుని, అలీ మార్సియానోతో సినిమాలో తలపడాలి. 1969లో మయామీలో ఒక స్టూడియోలో తలుపులు మూసి తీశారు. 45 ఏళ్ల మార్సియానో దీనికోసం ఇరవై కిలోలకు పైగా తగ్గాడు, బట్టతల మీద విగ్గు పెట్టుకున్నాడు. ఒక్కో నిమిషం చొప్పున డెబ్భై దాకా రౌండ్లు, రకరకాల ముగింపులు. అలీ జాబ్, అంటే ముందుచేతి సూటి గుద్దు, తగిలి విగ్గు ఊడితే కెమెరా ఆపి మళ్లీ అతికించేవారట. ఇంత ప్రామాణికమైన పోటీ బాక్సింగ్ చరిత్రలో మరొకటి లేదు.

1970 జనవరి 20న అమెరికా థియేటర్లలో వేశారు. పదమూడో రౌండులో మార్సియానో నాకౌట్ చేశాడు. యూరప్‌లో వేసిన ప్రింటులో అలీ గెలిచాడు. ఏ ఎండకా గొడుగు పట్టడంలో ఆ కాలపు కంప్యూటర్లు ఇప్పటివాటికేమీ తీసిపోవు. అది అలబామాలో తయారైన కంప్యూటరై ఉంటుందని అలీ ఎకసెక్కమాడాడు. నల్లవాళ్ల విషయంలో ఆ రాష్ట్రం చరిత్ర తెలిసినవాళ్లకి వివరణ అక్కర్లేదు.

అయితే తన గెలుపును మార్సియానో చూడలేదు. షూటింగ్ అయిన మూడు వారాలకు, 1969 ఆగస్టు 31న, అయోవాలో విమానం కూలి చనిపోయాడు. మర్నాడు పుట్టినరోజు. ఆ ముగింపుల్లో ఏది ఉంచుతారో ఆయనకు ఎవరూ చెప్పలేదు.

మొన్న ఆదివారం ఈ సంగతి చెబితే బల్ల దగ్గర ఎవరూ మాట్లాడలేదు. అక్కయ్య కంచాలు తీయబోయి ఆగింది. బావగారు మజ్జిగన్నంలో ఊరమిరపకాయ నలుపుకుంటూ చాలాసేపు ఆలోచించారు.

“1969 అంటే,” అన్నారు చివరికి, “అలీ ప్రైమ్‌లో లేడు కదరా.”