పాట, బాట, మాట: పెదవులు చూసే పిల్లవాడికి మూడూ ఒకటే

అద్దం ముందు నిలబడి, గొంతు పైకి రాకుండా 'పాట' అనండి. తర్వాత 'బాట', ఆ తర్వాత 'మాట'. మూడింటికీ పెదవులు ఒకేలా కలుస్తాయి, ఒకేలా విడిపోతాయి. చెవులు సరిగా వినపడని పిల్లవాడు టీచరు నోటిని చూసి పాఠం అందుకోవాలని కూర్చుంటే వాడికి దొరికేది ఇంతే. మిగతాదంతా బోర్డు మీది అక్షరాలను బట్టి, టీచరు ముఖాన్ని బట్టి ఊహించుకోవాలి. టీచరు బోర్డు వైపు తిరిగి రాస్తూ చెబితే ఆ కాస్తా పోతుంది.

ఇది తెలుసుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. మీ బీఈడీలో గానీ డీఈడీలో గానీ ఆ ఐదు నిమిషాలు ఎవరైనా కేటాయించారా అని తెలిసిన టీచర్లను అడుగుతుంటాను. సమ్మిళిత విద్య (అందరు పిల్లలూ కలిసి చదివే పద్ధతి) పేపరు రాశామంటారు, వైకల్యాల రకాలు, నిర్వచనాలు బట్టీ పట్టామంటారు. అలాంటి పిల్లలకు ఒక్క పాఠమైనా చెప్పి చూశారా అంటే మాత్రం లేదంటారు. తప్పు వాళ్లది కాదు. ఎవరూ చెప్పించలేదు, అంతే.

చట్టాలకు కొదవ లేదు. 1995 నాటి వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తిస్తే, 2016 చట్టం వాటిని 21కి పెంచింది. ఆటిజం, నేర్చుకోవడంలో ఇబ్బంది వంటివి అప్పుడే జాబితాలోకి వచ్చాయి. బ్రెయిలీ, సైగల భాష తెలిసిన టీచర్లను, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకు చెప్పడంలో శిక్షణ పొందిన టీచర్లను నియమించాలని అదే చట్టంలోని 17వ సెక్షన్ చెబుతోంది. 2021 అక్టోబరులో ప్రత్యేక టీచర్ల విషయంలో సుప్రీంకోర్టు రజనీశ్ కుమార్ పాండే కేసులో తీర్పు ఇచ్చాక, మరుసటి ఏడాది కేంద్రం నిష్పత్తి ఖరారు చేసింది: ప్రాథమిక తరగతుల్లో పది మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక ప్రత్యేక టీచరు, ఆపై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు. 2024 డీఎస్సీలో తెలంగాణ 11,062 పోస్టులు ప్రకటిస్తే అందులో ప్రత్యేక విద్యకు 220 స్కూల్ అసిస్టెంట్లు, 796 ఎస్‌జీటీలు (ప్రాథమిక తరగతుల టీచర్లు) ఉన్నాయి. ఇది చిన్న సంగతి కాదు. ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీద నెట్టుకొచ్చిన పనికి రెగ్యులర్ పోస్టు రావడం కోసం ఎంతోమంది కోర్టుల చుట్టూ తిరిగారు.

అయినా లెక్క వేసి చూడండి. మన ఊరి ప్రాథమిక బడిలో ఇలాంటి పిల్లలు ఒకరో ఇద్దరో ఉంటారు. పది మందికి ఒక టీచరంటే ఆ టీచరు ఐదారు బళ్లు తిరగాలి. వారానికి ఆరు రోజులు బడి. ఒక్కో బడికి ఒక్క రోజు. మిగతా ఐదు రోజులు ఆ పిల్లవాడు ఎవరి దగ్గర కూర్చుంటాడు? మామూలు టీచరు దగ్గరే. ప్రత్యేక పోస్టులన్నీ రేపే నిండినా ఈ లెక్క మారదు. అందుకే శిక్షణ అనే మాట ముందు మామూలు టీచరు దగ్గర మొదలవ్వాలంటాను.

ఒక బడిలో మూడో తరగతి పాపను చూశాను. చూపు తక్కువ. పుస్తకం ముక్కుకు ఆనించుకుని చదువుతుంది. వెనక బెంచీలో, కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టారు. వెలుతురంతా కళ్లలో పడుతోంది. ముందుకు జరపొచ్చు కదా అంటే, 'భవిత మేడం వచ్చినప్పుడు చూస్తారు సార్' అన్నారు క్లాసు టీచరు. భవిత అంటే ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రం. ఆమెలో నిర్లక్ష్యం లేదు. ఆ పాపంటే ప్రేమే, మధ్యాహ్న భోజనం దగ్గర తనే పళ్లెం పట్టుకొచ్చి ఇచ్చింది. తన చేతిలో ఉన్న పని కాదనుకుంది, అంతే. మండలాల్లో భవిత కేంద్రాలు, వాటిలో ఐఈఆర్‌పీలు (ఈ పిల్లలకు చెప్పే ప్రత్యేక సిబ్బంది) ఉండటం మన రెండు రాష్ట్రాల్లో మంచి ఏర్పాటే. కానీ ఆ పాప 'భవిత పిల్ల' అయిపోయి, తన క్లాసుకే చుట్టమై కూర్చుంది. బెంచీ జరపడానికి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదని టీచరుకు చెప్పినవాళ్లు లేరు.

ఈ విభజన పైనుంచే వస్తోంది. మామూలు టీచర్ల చదువు జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) చూస్తుంది. ప్రత్యేక టీచర్ల చదువు, రిజిస్ట్రేషను 1992 చట్టం కింద పనిచేసే భారత పునరావాస మండలి చూస్తుంది. రెండు దారులు, రెండు సిలబస్‌లు. పిల్లలు కలిసి చదవాలంటున్నాం, వాళ్లకు చెప్పేవాళ్లను మాత్రం విడివిడిగా తయారుచేస్తున్నాం.

మన భాషలో ఈ పని ఎంత సూక్ష్మమో ఒత్తుల దగ్గర తెలుస్తుంది. 'అమ్మ' అనే మాటలో మకు కింద ఒత్తు అని బోర్డు మీద చూపిస్తాం. బ్రెయిలీలో 'కింద' లేదు. గుణింతమైనా ఒత్తైనా అన్నీ ఒకే వరుసలో, ఒక గడి తర్వాత ఒక గడిగా వేలి కింద నడుస్తాయి. చూపులేని పిల్లవాడితో 'కింద రాయి' అంటే వాడికి అర్థమయ్యేదేమీ ఉండదు. టీచరు బ్రెయిలీ మొత్తం నేర్చుకోనక్కర్లేదు, ఈ తేడా తెలిస్తే చాలు. అలాగే బోర్డు చూసి చక్కగా ఎక్కించుకుని, తను రాసుకున్నదే చదవలేక నీళ్లు నమిలే పిల్లలుంటారు. వాళ్లను మొద్దు అనే ముందు ఆగాలని, ఇది డిస్‌లెక్సియా కావచ్చని అనుమానించడం నేర్పాలి. కాలులోనో చేతిలోనో కనిపించే లోపమైతే ఇంట్లోవాళ్లే వైకల్య ధ్రువపత్రం ఇచ్చే సదరం క్యాంపుకు తీసుకెళ్తారు. ఇది బయటికి కనిపించేది కాదు. మొదట పసిగట్టాల్సింది టీచరే.

ఇప్పుడు జరుగుతున్న శిక్షణ చాలావరకు హాల్లో కూర్చోబెట్టి స్లైడ్లు చూపించడం, లేదంటే ఫోనులో మాడ్యూల్ పూర్తి చేయించి సర్టిఫికెట్ ఇవ్వడం. వాటివల్ల చట్టం పేరు తెలుస్తుంది, చెయ్యి తిరగదు. ఈత గట్టు మీద నేర్పలేం. బీఈడీ రెండో ఏడాదిలో 16 వారాలు బడిలో పాఠాలు చెప్పాలి. అందులో రెండు వారాలు భవిత కేంద్రంలో గడపమంటే అదనపు ఖర్చు పెద్దగా ఉండదు. ఉద్యోగంలో ఉన్నవాళ్లకు, చుట్టుపక్కల బళ్ల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగులున్నాయి. అక్కడ వేదిక ఐఈఆర్‌పీలకు ఇవ్వండి. ఏళ్లుగా ఈ పిల్లల ఇళ్లకు వెళ్లి, తల్లులతో మాట్లాడి, చెయ్యి పట్టుకుని దిద్దించినవాళ్లు వాళ్లు. వాళ్లకు తెలిసినంత ఏ రిసోర్సు పర్సన్‌కూ తెలియదు. ప్రత్యేక టీచరు బడికి వచ్చిన రోజున పిల్లవాణ్ని పక్క గదికి తీసుకుపోకుండా, క్లాసులోనే టీచరు పక్కన నిలబడి ఒక పాఠం కలిసి చెబితే, మిగతా ఐదు రోజులకూ అదే శిక్షణ.

ఒక్కరే టీచరు ఐదు తరగతులూ చూసే బళ్లలో ఇదంతా ఎలా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. అక్కడ శిక్షణ ఒక్కటే సరిపోదు, రెండో టీచరు కావాలి. ఆ మాట దాటేసి శిక్షణ గురించి మాట్లాడితే ఆ టీచరును అవమానించినట్టే. కానీ ఇద్దరు ముగ్గురు టీచర్లున్న బడిలో వచ్చే సోమవారం నుంచే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. బోర్డు మీద రాసేటప్పుడు మాట్లాడకుండా, రాయడం అయ్యాక పిల్లల వైపు తిరిగి చెప్పడం. రాసిన ప్రతి అంకెనూ పైకి చదవడం. ఆ మూడో తరగతి పాపను కిటికీకి వీపు ఉండేలా ముందు బెంచీలోకి తేవడం.